మీ వాడి ఫ్రెండ్స్ దేంట్లో ఆడతారు? యూరప్‌లో ఎక్స్‌బాక్స్ గురించి కొన్ని ఆలోచనలు

మా వాడికి పదేళ్ళు నిండిన వారం, జర్మనీలోని కొలోన్‌లో మా ఇంటికి దగ్గరున్న ఒక ఎలక్ట్రానిక్స్ షాపుకి తీసుకెళ్ళాను. పుట్టినరోజుకి, టీవీకి తగిలించి గేమ్స్ ఆడే కన్సోల్ సొంతంగా ఒకటి కొనిస్తానని ఏడాది ముందే మాటిచ్చేశాను. హాల్లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఉంది కానీ, వాడి లెక్కలో అది నాన్నది. వాడి గదిలో వాడిది ఒకటి ఉండాలి. దాని మీద స్టిక్కర్లు వాడే అంటించుకోవాలి.

షాపులో గేమ్స్ ఉండే చోటికి వెళ్ళగానే ఎడమ గోడంతా సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ నీలం. నేల నుంచి నా తలకి పైదాకా. దానికి ఎదురుగా నింటెండో ఎరుపు, పిల్లలు ఆడి చూసుకోవడానికి ముందు వాళ్ళ కన్సోల్ స్విచ్ ఒకటి. ఎక్స్‌బాక్స్ ఎక్కడుందా అని వెతికితే, వరుస చివర హెడ్‌ఫోన్లు మొదలయ్యే దగ్గర ఒక సన్నటి ర్యాక్ కనిపించింది. పై రెండు అరల్లో రీచార్జ్ కార్డులు, మధ్యలో నాలుగు కంట్రోలర్లు, కింద మోకాలి ఎత్తులో ఎక్స్‌బాక్స్‌లో చిన్నది, చవకది అయిన సిరీస్ ఎస్ పెట్టెలు రెండు. ఆకుపచ్చ డిస్క్ కవర్లు లెక్కపెట్టాను. పంతొమ్మిది. అందులో ఆరు ఒకటే ఫుట్‌బాల్ గేమ్, అదీ పోయినేడాదిది.

అక్కడ పనిచేసే కుర్రాడికి ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. సిరీస్ ఎస్ గురించి అడిగాను. అతను నాకు ధర చెప్పలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మా వాడి ఎత్తుకి వంగి, "నీ ఫ్రెండ్స్ దేంట్లో ఆడతారు?" అని అడిగాడు. మా వాడు తన ఫుట్‌బాల్ జట్టు పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. ప్లేస్టేషన్, ప్లేస్టేషన్, స్విచ్, ప్లేస్టేషన్, ప్లేస్టేషన్, వాళ్ళన్నయ్యది పీసీ, ప్లేస్టేషన్. రెండో చేతికి వచ్చాక నేనే ఆపేశాను.

అతను చేసింది తప్పు కాదు. నిజానికి చాలా నిజాయితీగా అడిగాడు. రెండు వారాల తర్వాత ఏడుస్తున్న పిల్లాణ్ణీ, బిల్లు పట్టుకున్న తండ్రినీ మళ్ళీ అదే కౌంటర్ దగ్గర చూడటం అతనికి ఇష్టం లేదు. కానీ ఆ ఒక్క ప్రశ్న నా బుర్రలోంచి పోలేదు. ఎక్స్‌బాక్స్ యూరప్‌లో ఎందుకిలా అయింది, మళ్ళీ ఎలా లేస్తుంది అని ఎన్నో చోట్ల ఎన్నో విశ్లేషణలు చదివాను. టెరాఫ్లాప్‌లనే వేగపు లెక్కలు, ఒక్క కన్సోల్‌లోనే దొరికే ఎక్స్‌క్లూజివ్‌లు, సబ్‌స్క్రిప్షన్లు, నెట్ మీదే గేమ్ ఆడించే క్లౌడ్. వాటిలో దేంట్లోనూ ఈ ప్రశ్న లేదు. నాకేమో ఇప్పుడు మొత్తం కథ అందులోనే ఉందనిపిస్తోంది.

ఎనభై, ఇరవై

2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ప్రెసిడెంట్ బ్రాడ్ స్మిత్ బ్రస్సెల్స్‌లో విలేకరుల ముందు ఒక లెక్క చెప్పాడు. యూరప్‌లో సోనీకి ఎనభై శాతం, మాకు ఇరవై అని. అప్పుడు యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే పెద్ద గేమ్స్ కంపెనీని కొనడానికి యూరోపియన్ కమిషన్ అనుమతి కావాలి. మేము చిన్నవాళ్ళం, మా వల్ల ఎవరికీ ప్రమాదం లేదు అని చూపించుకోవాల్సిన సందర్భం. నింటెండోని పక్కన పెట్టి వేసిన లెక్క అది. కాబట్టి దాన్ని కొంచెం తగ్గించే తీసుకోవాలి. అయినా ఏ కంపెనీ అయినా తన ఓటమిని అలా అంకెల్లో పెట్టి బయటికి చెప్పుకోవడం మామూలు విషయం కాదు. ప్రపంచం మొత్తం మీద డెబ్భై, ముప్ఫై అని కూడా అదే రోజు చెప్పాడు. అంటే ప్రపంచ సగటు కన్నా యూరప్‌లో పరిస్థితి అధ్వాన్నం.

ఇది చదివినప్పుడు నాకు బాధేసింది. బాధ ఎందుకంటే నేను ఎక్స్‌బాక్స్ మనిషిని. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, రెండు నెలల జీతంలోంచి మిగిల్చి ఎక్స్‌బాక్స్ 360 కొన్నాను. ఆ అభిమానంతోనే ఇదంతా రాస్తున్నానని ముందే చెప్పేస్తున్నాను. కానీ అభిమానం ఒక్కటే కారణం కాదు. రెండో దుకాణం బలంగా లేని వీధిలో మొదటి దుకాణం ధరలు ఎలా ఉంటాయో మనందరికీ తెలుసు. పీఎస్5, అంటే ప్లేస్టేషన్ 5, డిస్క్ లేని డిజిటల్ మోడల్ యూరప్‌లోకి 399 యూరోలకి వచ్చింది. 2022 ఆగస్టులో 449 అయింది, 2025 ఏప్రిల్‌లో 499 అయింది. కన్సోల్ పాతబడేకొద్దీ ధర తగ్గడం చూస్తూ పెరిగిన తరం మాది. ఇలా పెరగడం మాకు కొత్త. ద్రవ్యోల్బణం ఉంది, చిప్‌ల ఖర్చు ఉంది, నిజమే. కానీ పక్కన గట్టి పోటీ ఉంటే ఆ నిర్ణయం ఇంత సులువుగా తీసుకునేవాళ్ళా అని నా అనుమానం.

గెలవగలిగిన రోజులు

యూరప్ మొదటి నుంచీ ప్లేస్టేషన్ గడ్డ, అక్కడ అమెరికా వాళ్ళు ఎప్పటికీ గెలవలేరు అనే మాట తరచూ వింటాం. నేను దాన్ని ఒప్పుకోను.

మొదటి ఎక్స్‌బాక్స్ 2002 మార్చి 14న ఇక్కడికి 479 యూరోలకి వచ్చింది. ఆరు వారాలు తిరక్కుండానే 299కి దించారు. ముందే కొన్నవాళ్ళకి రెండు గేమ్స్, ఒక కంట్రోలర్ ఇచ్చి సర్దిచెప్పారు. ఇక్కడి జనం దేనికి ఎంత పెడతారో తెలియకుండా వచ్చారని ఆ ఆరు వారాలే చెబుతాయి. కానీ 360తో నేర్చుకున్నారు. 2005 డిసెంబర్ 2న అది యూరప్‌లో అమ్మకానికి వచ్చింది. పీఎస్3 వచ్చేసరికి 2007 మార్చి 23 అయింది, ధర 599 యూరోలు. దాదాపు పదహారు నెలలు ఖాళీ మైదానం. బ్రిటన్‌లో ఆ తరం పిల్లలు ఎందరికో 360యే మొదటి కన్సోల్. చేయగలరని అప్పుడే తేలిపోయింది.

మరి జర్మనీలో ఎందుకు పట్టు దొరకలేదు? దీనికి నేను చాలాసార్లు తలుచుకునే ఒక చిన్న ఉదాహరణ ఉంది. 2006లో ఎక్స్‌బాక్స్‌కి ప్రాణం లాంటి గేమ్ గేర్స్ ఆఫ్ వార్. అమెరికాలో దాని కోసమే కన్సోల్ కొన్నవాళ్ళున్నారు. జర్మనీలో వయసు రేటింగ్ ఇచ్చే సంస్థ యూఎస్‌కే దానికి రేటింగ్ నిరాకరించింది. గేమ్ ఇక్కడ విడుదలే కాలేదు. రెండో భాగానికీ అంతే. 2011లో మూడో భాగం వచ్చేదాకా జర్మనీ షాపుల్లో ఆ పేరు లేదు. అంటే యూరప్‌లోకెల్లా పెద్ద మార్కెట్లలో ఒకదాంట్లో, కంపెనీ దగ్గరున్న అతి పెద్ద ఆకర్షణ షాపులోకే రాలేదు. దాన్ని భర్తీ చేసేలా ఇక్కడికంటూ ఇంకో పెద్ద గేమ్ తెచ్చి పెట్టలేదు.

అదే కాలంలో సోనీ ఏం చేసిందో చూడండి. లండన్ స్టూడియోలో సింగ్‌స్టార్ తయారుచేసింది. మైకు పట్టుకుని పాడే గేమ్. అది ఒకటే డిస్క్‌గా అన్ని దేశాలకీ వెళ్ళలేదు. జర్మన్ రాక్ పాటలతో ఒకటి, పోలిష్ పాటలతో ఒకటి, ఇక్కడ స్థిరపడ్డ టర్కీ కుటుంబాల కోసం టర్కిష్ పాటలతో ఒకటి. మన వైపు బాలీవుడ్ పాటలతో కూడా ఒకటి వచ్చింది. మా ఆఫీసులో టర్కీ మూలాలున్న సహోద్యోగిని ఒకామె, వాళ్ళమ్మ జీవితంలో ముట్టుకున్న ఒకే ఒక్క వీడియో గేమ్ అదేనని చెప్పింది. పండక్కి చుట్టాలంతా చేరితే ఆవిడే ముందు మైకు అందుకునేదట. ఆ ఇంట్లోకి ఆ కన్సోల్‌ని తెచ్చింది ఏ టెరాఫ్లాపూ కాదు.

ఫుట్‌బాల్ సంగతి చెప్పక్కర్లేదు. ఛాంపియన్స్ లీగ్‌కి ప్లేస్టేషన్ స్పాన్సర్‌గా 1997లో చేరింది. ఇప్పుడు కన్సోల్ కొనిచ్చే వయసులో ఉన్న తండ్రి, తన చిన్నప్పుడు బుధవారం రాత్రి మ్యాచ్ చూస్తూ చూసిన గుర్తు అది.

తొమ్మిది నెలలు ఆగమంటే

ఎక్స్‌బాక్స్ వన్ వచ్చిన 2013ని ఎక్స్‌బాక్స్ అభిమానులెవరూ మర్చిపోరు. ఎప్పుడూ నెట్ ఉండాలన్న షరతు, సెకండ్ హ్యాండ్ గేమ్స్ మీద ఆంక్షలు, తర్వాత వెనక్కి తగ్గడం, కినెక్ట్ అనే కెమెరాతో కలిపి 499 యూరోలు, ఎదురుగా పీఎస్4 399కే. ఇదంతా అందరూ చెప్పేదే. యూరప్‌కి సంబంధించి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటుంది. దాని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు.

ఆ ఏడాది ఆగస్టులో ఎనిమిది దేశాల్లో ఎక్స్‌బాక్స్ వన్ విడుదల వాయిదా వేశారు. బెల్జియం, డెన్మార్క్, ఫిన్లండ్, నెదర్లాండ్స్, నార్వే, స్వీడన్, స్విట్జర్లాండ్, రష్యా. భాషలు, వాయిస్ కమాండ్లు సిద్ధం కాలేదన్నారు. ఆ దేశాలకి కన్సోల్ వచ్చేసరికి 2014 సెప్టెంబర్ అయింది. పీఎస్4 మాత్రం యూరప్‌లో 2013 నవంబర్ 29నే షాపుల్లోకి వచ్చేసింది.

నేను జర్మనీ వచ్చిన కొత్తలు అవి. మా టీమ్‌లో ఒక డచ్ ఆయన, సరిహద్దు అవతల నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. ఆయనింట్లో అప్పటిదాకా 360 ఉండేది. వాళ్ళకి పిల్లలకి కానుకలిచ్చే పండగ డిసెంబర్ 5. నవంబర్ 29కీ డిసెంబర్ 5కీ మధ్య ఆరు రోజులు. ఆయన పీఎస్4 కొన్నాడు. ఎక్స్‌బాక్స్ కోసం ఆగాల్సింది కదా అన్నాను. "పండగ ఆరు రోజుల్లో ఉంది. అది ఎప్పుడొస్తుందో తెలీదు, పిల్లలు ఆగుతారా?" అన్నాడు. ఆయన ఇద్దరు కొడుకులూ ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. ఇద్దరి దగ్గరా పీఎస్5 ఉంది.

ఇక్కడ అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ 2023లో ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్న మాట గుర్తొస్తుంది. ఓడిపోకూడని తరంలో ఓడిపోయామని, ఎందుకంటే జనం డిజిటల్‌గా గేమ్స్ కొని పోగుచేసుకోవడం మొదలుపెట్టింది ఆ తరంలోనేనని. డచ్ ఆయన పిల్లలు పదేళ్ళుగా కొన్న గేమ్స్ అన్నీ ఒక ఖాతాలో ఉన్నాయి. వాళ్ళ స్నేహితుల జాబితా అక్కడే ఉంది. రేపు ఎక్స్‌బాక్స్ ఎంత గొప్ప యంత్రం తెచ్చినా వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి రావాలి.

చాలామంది ఈ మాటతోనే ఆశ వదిలేస్తారు. నేను మాత్రం దీన్నుంచి ఇంకో అర్థం తీసుకుంటాను. ఇల్లు కట్టుకున్నవాణ్ణి కదిలించలేం, ఒప్పుకుందాం. కానీ ఖాతా ఇంకా తెరవనివాడు ప్రతి ఏడాదీ పుడుతూనే ఉన్నాడు. ఆ షాపులో వేళ్ళు మడిచిన మా వాడి పేరు మీద ఒక్క గేమ్ కూడా లేదు. ఎక్స్‌బాక్స్ పోరాడాల్సింది ముప్ఫై ఐదేళ్ళవాడి కోసం కాదు, పదేళ్ళవాడి కోసం. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీని చుట్టూనే.

అసలు కన్సోలే అక్కర్లేదంటే?

దీనికి గట్టి ఎదురువాదన ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయలేను. మైక్రోసాఫ్ట్‌కి ఇప్పుడు కన్సోల్ అమ్మాల్సిన అవసరమే లేదు అంటారు. 2024 ఫిబ్రవరిలో నాలుగు గేమ్స్‌ని బయటి కన్సోళ్ళకి ఇస్తున్నామన్నారు. 2025 ఏప్రిల్‌లో వాళ్ళ కార్ల గేమ్ ఫోర్జా హొరైజన్ 5 పీఎస్5కి వచ్చి బాగా అమ్ముడుపోయింది. ఎక్స్‌బాక్స్‌కి గుర్తు లాంటి గేమ్ హేలో కూడా పీఎస్5కి వస్తోందని 2025 అక్టోబర్‌లో ప్రకటించారు. యూరప్‌లో నూటికి ఎనభై మంది పక్క కన్సోల్ వాళ్ళయితే, ఆ ఎనభై మందికీ గేమ్ అమ్ముకుంటే డబ్బే డబ్బు. ఇరవై మంది కోసం ఫ్యాక్టరీ నడపడం ఎందుకు?

నా స్నేహితుడొకడు, స్టుట్‌గార్ట్‌లో ఉంటాడు, ఫోన్‌లో ఇదే వాదన చేశాడు. "రేయ్, నువ్వు ప్లాస్టిక్ డబ్బాని ప్రేమిస్తున్నావు. వాళ్ళు వ్యాపారం చేస్తున్నారు" అన్నాడు. కాసేపు జవాబు తోచలేదు.

తర్వాత ఆలోచిస్తే తోచింది. డబ్బా పోతే సబ్‌స్క్రిప్షన్ నిలుస్తుందా? నెలనెలా కట్టి బోలెడు గేమ్స్ ఆడుకునే ఎక్స్‌బాక్స్ చందా, గేమ్ పాస్, తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది చేతిలో ఎక్స్‌బాక్సో, పీసీనో ఉంటుంది. ఫోన్‌లో, టీవీలో క్లౌడ్ ద్వారా ఆడొచ్చు, నిజమే. 2024 చివర్లో "ఇదీ ఒక ఎక్స్‌బాక్సే" అంటూ ఫోన్లనీ ల్యాప్‌టాప్‌లనీ చూపిస్తూ పెద్ద ప్రచారం చేశారు. ఆ ప్రకటన చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది షాపుల్లో ఇలాంటి కౌంటర్ల దగ్గర నిలబడే కుర్రాళ్ళు. తయారుచేసినవాళ్ళే కొనక్కర్లేదంటుంటే, షాపు వాడు దానికి గోడెందుకిస్తాడు? మోకాలి ఎత్తు అరే మిగులుతుంది.

పైగా పిల్లాడికి పుట్టినరోజుకి ఇచ్చేది వస్తువు. దాన్ని కాగితంలో చుట్టాలి, వాడు ఆ కాగితాన్ని చింపాలి. సబ్‌స్క్రిప్షన్‌ని చుట్టి ఇవ్వలేం.

సరే, డబ్బా ఉండాలనే కంపెనీ కూడా అంటోంది. 2025 జూన్‌లో చిప్‌ల కంపెనీ ఏఎండీతో కలిసి తర్వాతి తరం యంత్రాలు చేస్తున్నామని చెప్పారు. అలాంటప్పుడు అది ఎవరి గదిలోకి వెళ్ళాలన్నదే ప్రశ్న.

మొదటి కన్సోల్

సిరీస్ ఎస్ 2020 నవంబర్‌లో 299 యూరోలకి వచ్చినప్పుడు, ఎక్స్‌బాక్స్ చరిత్రలో యూరప్‌కి ఇంతకన్నా సరిపోయే యంత్రం రాలేదనుకున్నాను. చిన్నది, చప్పుడు లేనిది, పిల్లాడి బల్ల మీద పుస్తకాల పక్కన పడుతుంది. 2025 మేలో దాని ధర 349.99 అయింది. పదేళ్ళ పిల్లాడికి కొనే తల్లిదండ్రుల మనసులో మూడు వందలు ఒక గీత. తాతయ్య, బామ్మ, మేనత్త తలా కొంత వేసుకుని ఆ గీత దాకా వస్తారు. దాన్ని దాటితే "ఇంకొంచెం వేసి ప్లేస్టేషనే కొనేద్దాం" అనే మాట వచ్చేస్తుంది. మా ఆవిడ సరిగ్గా అదే మాటంది. ఆమెకి గేమ్స్ గురించి ఏమీ తెలియదు, లెక్క తెలుసు.

ధర కన్నా నాకు పెద్ద లోపంగా అనిపించేది డిస్క్ లేకపోవడం. జర్మనీలో పిల్లలు డిస్క్‌లు ఇచ్చిపుచ్చుకుంటారు. స్కూల్ బ్యాగులో పెట్టుకుని వెళ్ళి, ఒకటిచ్చి ఒకటి తెచ్చుకుంటారు. ఆదివారం సంతల్లో పాత గేమ్స్ అట్టపెట్టెల్లో పోసి అయిదేసి యూరోలకి అమ్ముతారు. పాకెట్ మనీ ఉన్న పిల్లాడికి ఆ పెట్టెలే షాపు. కార్డు లేని, సొంత ఖాతా లేని వయసులో వాడు ఎవర్నీ అడగకుండా కొనుక్కోగలిగేది అక్కడే. సిరీస్ ఎస్ ఉన్న పిల్లాడు ఆ అట్టపెట్టె దగ్గరికి వెళ్ళినా లాభం లేదు. డిస్క్ పెట్టుకునే చోటే దానికి లేదు. ఇక 2024 మేలో వచ్చిన హెల్‌బ్లేడ్ గేమ్ రెండో భాగాన్ని, కేంబ్రిడ్జ్‌లోని సొంత స్టూడియో చేసినదాన్ని, డిస్క్‌గా విడుదలే చేయలేదు. ఖర్చు తగ్గుతుందని నాకూ తెలుసు. కానీ ప్రతి డిస్క్ కవరూ షాపులో, సంతలో, స్నేహితుడి గదిలో ఒక చిన్న ఆకుపచ్చ ప్రకటన. దాన్ని ఖర్చు పద్దులోనే రాయడం తప్పనిపిస్తుంది.

అందుకే తర్వాతి తరంలో ఒక చిన్న యంత్రం ఉండాలి. డిస్క్‌తో, రెండు కంట్రోలర్లతో, మూడు వందల లోపు. రెండో కంట్రోలర్ ఎందుకంటే, పిల్లాడు ఇంటికి తీసుకొచ్చే స్నేహితుడే తర్వాతి కొనుగోలుదారు. దాంతో పాటు ఆ ఏడాది ఫుట్‌బాల్ గేమ్. ఇది ఎక్స్‌బాక్స్‌కి తెలియని విద్య కాదు. 2013లో యూరప్‌లో ముందే బుక్ చేసుకున్నవాళ్ళకి ఫిఫా 14 ఉచితంగా ఇచ్చారు. పీలే లాంటి పాత దిగ్గజాలు ఆ గేమ్‌లో ఫిఫా 17 దాకా ఎక్స్‌బాక్స్‌లోనే దొరికేవాళ్ళు. తర్వాత వదిలేశారు. యూరప్‌లో వదిలేయకూడని ఒకే ఒక్క గేమ్ ఉందంటే అదే.

దేశాల సంగతి కూడా అంతే. 2023 ఏప్రిల్‌లో గేమ్ పాస్‌ని నలభై కొత్త దేశాలకి తీసుకెళ్ళామన్నారు. అందులో రొమేనియా, బల్గేరియా, క్రొయేషియా, స్లొవేనియా, మూడు బాల్టిక్ దేశాలు ఉన్నాయి. అన్నీ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నవే. అయితే అక్కడికి వెళ్ళింది పీసీ గేమ్ పాస్ మాత్రమే, కన్సోల్‌ది కాదు. గేమ్ పాస్ మొదలైంది 2017లో. ఆరేళ్ళ తర్వాత రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో పదేళ్ళ పిల్లాడికి దక్కింది పీసీ వెర్షన్. వాడి స్నేహితులు దేంట్లో ఆడుతుంటారో మనం ఊహించుకోవచ్చు.

వీటన్నిటికన్నా నన్ను ఆశపెట్టే విషయం ఒకటుంది. ఎక్స్‌బాక్స్ చేతిలో ఉన్న యూరప్ స్టూడియోలు చూడండి. స్టాక్‌హోమ్‌లో మొజాంగ్, ఉప్సలాలో మెషీన్‌గేమ్స్, లియోన్‌లో ఆర్కేన్, ఇంగ్లండ్‌లో రేర్, ప్లేగ్రౌండ్, నింజా థియరీ. పిల్లలందరూ ఆడే మైన్‌క్రాఫ్ట్ ఒక యూరప్ గేమ్ అని, అది ఎక్స్‌బాక్స్ వాళ్ళదని మా వాడి క్లాసులో ఎవరికీ తెలియదు. మా వాడికీ నేను చెప్పేదాకా తెలియదు. ఫోర్జా హొరైజన్ 2ని దక్షిణ ఫ్రాన్స్, ఉత్తర ఇటలీ రోడ్ల మీద, నాలుగో భాగాన్ని బ్రిటన్ రోడ్ల మీద పెట్టారు. ఎడిన్‌బరో వీధుల్లో కారు నడపడం ఎంత బాగుంటుందో ఆడినవాళ్ళకి తెలుసు. ఆ తర్వాత మెక్సికో, ఇప్పుడు ఆరో భాగం జపాన్. కార్లని కన్నబిడ్డల్లా చూసుకునే ఈ దేశంలో, రైన్ నది ఒడ్డు రోడ్లూ, స్పీడు హద్దు లేని ఆటోబానూ ఉన్న ఈ దేశంలో ఒక హొరైజన్ ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. కొలోన్ కేథడ్రల్ పక్క నుంచి పోయే రోడ్డుని గేమ్‌లో చూస్తే మా వాడు స్కూల్లో చెప్పకుండా ఉంటాడా?

నా అనుమానాలు

ఇదంతా రాశాక కూడా రెండు విషయాలు నన్ను పీకుతున్నాయి.

ఒకటి, ఓపిక. నేను చెప్పేది పదేళ్ళ పని. పదేళ్ళ పిల్లాడు తన జీతంతో కన్సోల్ కొనేసరికి ఇరవై దాటతాడు. మూడు నెలలకోసారి లెక్కలు చూపించాల్సిన కంపెనీ అంత దూరం చూస్తుందా? 2025 అక్టోబర్‌లో గేమ్ పాస్‌లో పై రకం, అల్టిమేట్, నెల చందాని ఇక్కడ 17.99 నుంచి ఒక్కసారిగా 26.99 యూరోలు చేశారు. జర్మనీ, పోలండ్, ఇటలీ, మన ఇండియా లాంటి కొన్ని చోట్ల పాత చందాదారులకి అప్పటికి పెంచలేదు, అదీ ఆయా దేశాల చట్టాల పుణ్యం. ఓపిక ఉన్నవాళ్ళ లెక్క ఇలా ఉండదు.

రెండోది, నష్టానికి అమ్మడం. మూడు వందల లోపు యంత్రం ఇవ్వాలంటే చేతి నుంచి పెట్టుకోవాలి. గేమ్స్ మీద తిరిగి రాబట్టుకోవచ్చనేది పాత సూత్రం. కానీ పిల్లాడు సంతలో అయిదు యూరోల పాత డిస్క్‌లు కొనుక్కుంటే కంపెనీకి వచ్చేది సున్నా. డిస్క్ పెట్టమని అడుగుతున్న నేనే ఆ దారి మూసేస్తున్నాను కదా అని నా స్నేహితుడు అడిగాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సంతలో కొన్న పిల్లాడే పదహారేళ్ళకి కొత్తది కొంటాడని నమ్ముతున్నాను, అంతే. నేను అలాగే వచ్చాను. 360లో నేను మొదట ఆడినవన్నీ స్నేహితుల దగ్గర తెచ్చుకున్న డిస్క్‌లే.

ఇంతకీ ఆ రోజు మేము కొన్నది పీఎస్5. వాడి కళ్ళలోకి చూసి వేరేది కొనలేకపోయాను.

రెండు వారాల తర్వాత ఒక శనివారం, వాడి జట్టులో గోల్‌కీపర్ మా ఇంటికి వచ్చాడు. బయట వాన. మా వాడి గదిలో కంట్రోలర్ ఒకటే ఉంది, రెండోదానికి ఇంకా డబ్బులు పోగవలేదు. వంతులేసుకుని ఆడి గొడవపడి హాల్లోకి వచ్చారు. నేను అటకలాంటి అల్మరాలోంచి పాత డిస్క్ ఒకటి తీశాను. హైదరాబాద్‌లో కొన్నది, 2008లో వచ్చిన వీవా పిన్యాటా రెండో భాగం. ఇంగ్లండ్‌లో రేర్ వాళ్ళు చేసింది. కవరు మీద ధర స్టిక్కర్ సగం ఊడి, రూపాయల గుర్తు మాత్రం కనిపిస్తోంది. సిరీస్ ఎక్స్‌లో పెట్టాను. కాసేపు డౌన్‌లోడ్ అయి, మామూలుగా తెరుచుకుంది. పదిహేడేళ్ళ కింద ఇంకో ఖండంలో కొన్న డిస్క్‌ని నిన్ననే కొన్నట్టు ఆడించగలగడం ఈ కంపెనీ చేసిన పనుల్లో నేను అన్నిటికన్నా మెచ్చుకునేది.

ఇద్దరికీ చెరో కంట్రోలర్ ఇచ్చాను. పారతో బీడు నేల తవ్వి, గడ్డి వేసి, రంగు కాగితాల వానపాము ఒకటి తోటలోకి వస్తే ఇద్దరూ ఒకేసారి అరిచారు. మా వాడు తెలుగులో అరిచాడు, వాడు జర్మన్‌లో. చీకటి పడ్డాక వాళ్ళమ్మ వచ్చి బెల్ కొట్టేదాకా లేవలేదు.

చెప్పులు వేసుకుంటూ ఆ గోల్‌కీపర్ నన్ను అడిగాడు, "ఇది ప్లేస్టేషన్‌లో వస్తుందా?" అని.

రాదన్నాను.

వాడు ఒక్క క్షణం ఆలోచించి, వాళ్ళమ్మ వైపు తిరిగి, "వచ్చే శనివారం కూడా ఇక్కడికే వస్తాను" అన్నాడు.